గుండ్రటి గదిలో ఏడో స్తంభం

సెప్టెంబర్ 29, ఆదివారం

చెవుల డాక్టరమ్మ రోజూ రాసిపెట్టుకోమంది. ఏ మాట వినబడింది, ఏది వినబడలేదు, ఎంత దూరం నుంచి, చుట్టూ ఎంతమంది ఉన్నప్పుడు. ఆమెకిచ్చే కాగితం వేరే ఉంది, ఇంగ్లీషులో, గళ్ళు గీసి. ఇది నా కోసం. తెలుగులో రాస్తే ఈ ఊరి తెల్లవాళ్ళెవరి చేతిలో పడ్డా భయం లేదు. ఫెబి చదవగలదు గానీ చదవదు. పదిహేడేళ్ళ కాపురంలో నా జేబు కూడా తడిమిన మనిషి కాదు.

ఈ రోజు లెక్క: ఆరాధన అయ్యాక టీ దగ్గర నలభై మంది. ఒక్క మాట పట్టుకోలేకపోయాను. ఆ జ్వరం నా రెండు చెవులూ తీసుకుపోయి నాలుగేళ్ళయింది. యంత్రాలు పెట్టుకుంటే గుంపులో గిన్నెలన్నీ ఒక్కసారి కింద పడ్డట్టు ఉంటుంది. స్తెఫను ఏదో జోకు చెప్పాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అతను కనిపెట్టి, నా భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గర మళ్ళీ చెప్పాడు. మంచివాడు. కీబోర్డు వాయించేటప్పుడు నేను పాట తప్పకుండా నా వైపు చూసి తలతో తాళం చూపిస్తాడు.

ఇంటికొచ్చేటప్పుడు ఫెబి కారు నడుపుతూ ఏదో చెప్పింది. రెండుసార్లు అడిగాను. మూడోసారి "ఏం లేదులే" అంది.

అక్టోబర్ 2, బుధవారం

ఈ రోజు పని బాగుంది. ఒంగోలు ఆర్ అండ్ బీ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్నప్పటి రోజులు గుర్తొచ్చాయి. ఇక్కడ నేను హాలుకి కేర్‌టేకర్ని. తాళాలు తియ్యడం, కుర్చీలు వెయ్యడం, మడవడం. ఈ నెల మాత్రం కౌన్సిల్ వాళ్ళు పాత కట్టడాలు చూసే ఆర్కిటెక్టుని పంపారు. ఓర్లా అని, యాభై దాటిన మనిషి, బూట్ల నిండా సున్నం. నాకు డ్రాయింగ్ వచ్చని తెలిసి టేపు రెండో చివర నా చేతికిచ్చింది. నాతో మాట్లాడేటప్పుడు ముఖం నా వైపు తిప్పి మాట్లాడుతుంది. ఎవరూ చెప్పకుండానే.

ఆమె చెప్పినవి: ఈ హాలు 1786లో డార్సీ అనే ఆయన ఊరి పెద్దల దగ్గర చందాలు పోగుచేసి కట్టించాడు. ముందువైపు టీ గది, పేకాట గది. వాటి వెనక ఈ గుండ్రటి గది. అడ్డంగా పద్దెనిమిది మీటర్లు. గోడలో సగం కలిసిపోయిన పన్నెండు స్తంభాలు, పైన పెద్దగా ఎత్తు లేని గోపురం, దాని నడినెత్తిన అద్దాల గూడు. వాయిద్యాల వాళ్ళకి పైన చిన్న వసారా. పాట మొదలవగానే ఆడవాళ్ళూ మగవాళ్ళూ గోడవారగా గుండ్రంగా నడిచేవారట. గంటలకొద్దీ, అటే, ఒకే వైపు.

"నడవడమేనా? చూడ్డానికేం ఉండేది కాదా?" అని అడిగాను.

"ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడమే వాళ్ళ వినోదం. ఎవరు ఎవరి పక్కన నడుస్తున్నారు, ఎవరు ఎవరితో గుసగుసలాడుతున్నారు. టిక్కెట్టు కొన్నది దానికే" అంది.

తర్వాత ధాన్యం గోదాము, సినిమా హాలు, బింగో హాలు. ఇప్పుడు వారంలో ఒకపూట ముసలివాళ్ళ టీ, ఆదివారం మా తెలుగు సహవాసం ఆరాధన; మిగతా రోజులు పదింటి నుంచి చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం తెరిచి ఉంటుంది.

సాయంత్రం లోపలి కొలతలూ బయటి కొలతలూ కలిపి గీస్తే ఏడో స్తంభం దగ్గర తేడా వచ్చింది. అక్కడ గోడ మూడడుగులు ఎక్కువ మందం. నా టేపే తప్పనుకున్నాను. మూడుసార్లు కొలిచాం. టేపు తప్పు కాదు.

అక్టోబర్ 4, శుక్రవారం

ఏడో స్తంభం పక్కన కోట్లు తగిలించే కొక్కేల పలక ఉంటుంది. ఓర్లా దాని అంచు వెంబడి చాకుతో రంగు కోసింది. ఆరేడు పొరలు. పలక తలుపులా తెరుచుకుంది. "ఓ, ప్రెస్!" అంది. ఇక్కడివాళ్ళు అలమారుని అలాగే అంటారు.

అలమారు కాదు. మనిషి కూర్చునే చోటు. రాతి అరుగు, కూర్చుని కూర్చుని మధ్యలో పల్లం పడింది. తలపైన గోడలో శంఖం నోరులాంటి సున్నపు గొట్టం, లోపలికి మెలిక తిరిగి చీకట్లోకి పోయింది. ఎడమవైపు గోడలో చెవి ఎత్తున అరచెయ్యంత మేర నున్నగా, నల్లగా మెరుస్తోంది. మిగతా గోడంతా గరుకు.

"ఎవరో తల ఆనించేవారు" అంది ఓర్లా.

ముందు ఆమె కూర్చుంది. నేను అటువైపు ఒకటో స్తంభం దగ్గర నిలబడి ఒంట్లు లెక్కపెట్టాను. ఏమీ వినబడలేదంది. తర్వాత నేను కూర్చున్నాను. ఆమె అటు వెళ్ళింది. తల ఆనించాను.

ఆమె గొంతు నా పక్కనే కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా వినబడింది. యంత్రాల గరగర లేదు. నాలుగేళ్ళయింది ఒక మనిషి మాట అంత శుభ్రంగా విని. వాళ్ళమ్మ మోకాలి ఆపరేషన్ సంగతి, గురువారం తీసుకెళ్ళాలని. బయటికొచ్చి, "మీ అమ్మగారికి బాగైపోతుందిలెండి" అన్నాను. నా వైపు వింతగా చూసింది.

"నేనేం మాట్లాడలేదు. ఊరికే నిలబడ్డాను."

మనుషులకి తాము గొణుక్కున్నది తెలియదు. మా నాన్న కూడా అంతే.

అక్టోబర్ 6, ఆదివారం

టీ వేళ కుర్చీలు సర్దే నెపంతో ఆ ప్రెస్‌లో పది నిమిషాలు కూర్చున్నాను. గోపురం గుణం ఏమిటో చూద్దామని. అంతే.

అందరూ వినబడ్డారు. ఒక్కొక్కరుగా, వంతులు వేసుకున్నట్టు. సంతోషకుమారి అక్కకి తను పనిచేసే నర్సింగ్ హోమ్‌లో ఒక ముసలాయన అంటే చచ్చేంత భయమట. పాస్టర్ గారికి ప్రసంగం మధ్యలో దేవుడు లేడేమోననిపిస్తుందట. పాపం. ఎవరికీ చెప్పను. చెప్పేందుకేం ఉంది?

కళ్ళు తుడుచుకుని బయటికొచ్చాను. నాలుగేళ్ళుగా నేను మనుషుల మధ్య లేను. ఇవాళ ఉన్నాను.

అక్టోబర్ 9, బుధవారం

హాల్లో పని లేదు. అయినా వెళ్ళాను. ఖాళీ హాలు. ఏదీ వినబడలేదు. ఎవరో ఊపిరి తీసుకుని మాట మొదలుపెట్టబోయి ఆగినట్టు మాత్రం ఉంది. పాత కట్టడాల్లో గాలి అలాగే ఉంటుంది.

అక్టోబర్ 13, ఆదివారం

ఇది రాయకూడదు. రాస్తే గానీ నిద్రపట్టదు.

మార్తా మాటలు విన్నాను. స్తెఫను భార్య. డ్రోహెడా ఆస్పత్రిలో ఫెబి పనిచేసే వార్డులోనే నర్సు. ఈ మాటలు:

"వచ్చే నెల్లో పోతన్నా. స్లైగోలో ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. పాపని తీసుకుని పోతా. ఆయనకి చెప్పలా. తెలిస్తే ఊరుకోడు."

తర్వాత ఫెబి గొంతు: "కారులో నేను దించి వస్తాలే. నువ్వు బెదరమాక."

నా ఫెబి. నాకు తెలియకుండా ఒకరి కాపురం విడదీస్తోంది.

బయటికొచ్చి చూస్తే ఇద్దరూ నాలుగో స్తంభం దగ్గర కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నారు. మాట్లాడుకోవడం లేదు. మార్తా కూతురు వర్షిత స్తంభం చుట్టూ తిరుగుతుంటే చూస్తున్నారు. అప్పటికి మాటలు అయిపోయి ఉంటాయి.

ఒకటి. మార్తాది కరీంనగర్. "చెప్పలే" అంటుంది గానీ "చెప్పలా" అనదు. ఇవాళ మా ఒంగోలు మనిషిలా మాట్లాడింది. మా ఫెబితో తిరిగి తిరిగి ఆ యాస అంటుకున్నట్టుంది.

అక్టోబర్ 15, మంగళవారం

ఫెబి చెబుతుందేమోనని చూశాను. అన్నం దగ్గర, టీవీ దగ్గర. "స్తెఫను వాళ్ళు ఎట్లున్నారు?" అని నేనే కదిపాను. "బానే ఉన్నారు" అంది. నా ముఖం చూడకుండా.

అక్టోబర్ 17, గురువారం

ఓర్లా జిరాక్సు కాగితాలు తెచ్చింది. 1798లో ఈ ఊళ్ళో జరిగిన విచారణ. ఇంగ్లీషు వాళ్ళ మీద ఇక్కడ తిరుగుబాటు లేచిన సంవత్సరం. ఆ ప్రెస్‌లో కూర్చున్నది ద్వారపాలకుడు, బ్రాడీ అనేవాడు. ఎవరు ఏమన్నారో విని డార్సీకి రాసిచ్చేవాడు. డార్సీ ఆ కాగితాలు కోటకి, అంటే సర్కారుకి, పంపేవాడు. బ్రాడీ రాసిన మాటల మీద ఐదుగురిని ఉరితీశారు.

"ముద్దాయిల లాయరు ఏమన్నాడో చూడు" అని వేలు పెట్టి చూపించింది. వాళ్ళు ఆ మాటలు అన్నది నిజమే, ఒప్పుకున్నారు. కానీ అన్నది నదిలో పడవ మీద, ఈ గదిలో కాదు, ఈ గదిలో ఎప్పుడూ అనలేదు అని ఐదుగురూ ప్రమాణం చేశారు. ఇంకొకటి, ఆ బ్రాడీకి చెవుడు. కోర్టులో అతని వెనక తుపాకి పేలిస్తే తల తిప్పలేదు.

"మరి ఎలా నమ్మారు?"

"మాటలు నిజమేగా. అంతకుమించి వాళ్ళకేం కావాలి?"

ఆ రోజుల్లో కోర్టులు అట్లాంటివి. బ్రాడీ ఎవరిచేతనో చెప్పించుకుని ఉంటాడు.

సాయంత్రం ఒక్కణ్ణే ప్రెస్‌లో కూర్చుని ఆ నల్లటి మెరుపు ఎత్తు కొలిచాను. తర్వాత అరుగు నుంచి నా చెవి ఎత్తు. రెండూ ఒకటే. సగటు మనిషి ఎత్తు అంతే ఉంటుంది మరి.

అక్టోబర్ 20, ఆదివారం

స్తెఫనుకి చెప్పేశాను. చెప్పాల్సిందే. కూర్చుని మాట్లాడుకుంటే చక్కబడే సంసారం అది. రేపు ఆ పిల్లని తీసుకుని చెప్పకుండా వెళ్ళిపోతే ఆ మనిషి ఏమైపోవాలి? పాటకి ముందు నా వైపు చూసి తల ఊపే మనిషి.

అందరూ వెళ్ళాక కుర్చీలు మడుస్తున్నాం.

"తమ్ముడూ, మార్తమ్మతో ఒకసారి కూర్చుని మాట్లాడయ్యా" అన్నాను.

"ఎందుకన్నా? ఏమైంది?"

"స్లైగోలో ఉద్యోగం తెచ్చుకుందంట. పాపని తీసుకుని పోవాలని చూస్తంది. గొడవ పడమాక. నెమ్మదిగా అడుగు."

అతను కుర్చీ కింద పెట్టాడు. చప్పుడు కాకుండా.

"ఎవరు జెప్పిన్రు నీకు?"

"ఎవరూ చెప్పలా. విన్నా."

నమ్మలేదు. ఏడో స్తంభం దగ్గరికి తీసుకెళ్ళి తలుపు తీసి చూపించాను. ఇక్కడ కూర్చుంటే హాల్లో చీమ చిటుక్కుమన్నా వినబడుతుందన్నాను. కాస్త గొప్పగానే చెప్పాను. అతను లోపల కూర్చున్నాడు. చాలాసేపు.

"నాకేం వినబడ్తలేదన్నా" అని బయటికొచ్చి నవ్వాడు. "మంచిగ జెప్పినవ్. కాళ్ళు ఇరగ్గొట్టి ఇంట్ల కూసోబెడ్త. అప్పుడు యాడికి పోతది?"

నేనూ నవ్వాను. కోపంలో ఎవరైనా అనే మాటే.

అక్టోబర్ 21, సోమవారం

మంచి పనే చేశాను.

అక్టోబర్ 22, మంగళవారం

మంచి పనే. ఇంకొకడైతే నాకెందుకని ఊరుకునేవాడు.

అక్టోబర్ 24, గురువారం

మార్తా ఆస్పత్రిలో ఉంది. పని చేసే చోటే, మంచం మీద. కుడి మణికట్టు, రెండు పక్కటెముకలు. మెట్ల మీద కాలు జారిందని స్తెఫను చెబుతున్నాడు. పక్కింటావిడ చప్పుడు విని గార్డ్స్‌కి, అంటే ఇక్కడి పోలీసులకి, ఫోన్ చేసిందట. వర్షిత మెట్ల కింద కూర్చుని ఉందట, స్కూలు బ్యాగు తగిలించుకుని.

ఫెబి డ్యూటీ నుంచి వచ్చి కోటు కూడా విప్పకుండా వంటింట్లో నిలబడింది.

"ఎవురో చెప్పారయ్యా ఆయనకి. పాపం ఆ పిల్ల రెండేళ్ళ నుంచి దెబ్బలు తింటా, బయటపడే రోజు కోసం చూస్తా ఉంది. నాకొక్కదానికే తెలుసు. ఎవురు చెప్పుంటారు?"

నేను టీ పెట్టాను.

అక్టోబర్ 25, శుక్రవారం

రెండేళ్ళ నుంచి.

ఆ ప్రెస్‌లో అన్నీ వినబడ్డాయి. ఇది వినబడలేదు.

అక్టోబర్ 27, ఆదివారం

చలికాలం వస్తోందని ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పే రోజు. పొద్దున్నే వెలుతురొచ్చింది. సహవాసానికి వెళ్ళలేదు. ఫెబి బియ్యం కడుగుతోంది.

"నేనే చెప్పా ఫెబీ."

"ఏంది?"

"స్తెఫనుకి. స్లైగో సంగతి. మీరిద్దరూ హాల్లో మాట్లాడుకుంటుంటే విన్నా."

కొళాయి కట్టేసింది. అరుస్తుందనుకున్నాను. నా ఎదురుగా వచ్చి కూర్చుని, తడి చేతులు ఒళ్ళో పెట్టుకుని, నాకు వినబడేలా ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"హాల్లో మేం ఒక్క మాట కూడా మాట్లాడలా. ఆయన ఆడనే తిరుగుతుంటాడని ఆ పిల్లకి భయం. మాట్లాడిందంతా ఆస్పత్రి కార్ పార్కులో, నా కారులో, అద్దాలు ఎక్కించుకుని. అది కూడా రెండే రెండు సార్లు. నీకు ఎవరు చెప్పారు?"

లోపలికెళ్ళి ఈ పుస్తకం తెచ్చి పదమూడో తేదీ పేజీ చూపించాను. నా రాత మొదటిసారి చదివింది. "నేనన్న మాటే ఇది" అంది. తర్వాత మార్తా మాటల మీద వేలు పెట్టింది. "ఇది మాత్రం మార్తా మాట కాదు. ఆ పిల్ల ఇట్లా మాట్లాడదు. ఇది మనూరోళ్ళ మాట. నీ మాట."

పుస్తకం బల్ల మీద పెట్టి దూరంగా జరిగింది. పుస్తకం నుంచో, నా నుంచో.

అక్టోబర్ 28, సోమవారం

ఓర్లాని అడిగాను. ఆ గది నిజంగా మాటల్ని మోస్తుందా అని. చాలా రోజుల నుంచి చెప్పాలనుకుంటున్నానంది. పాత గోపురం 1840ల్లోనే దించేశారు. ఇప్పుడున్నది తర్వాత కట్టింది, వంపు వేరు. ఆ శంఖం గొట్టం కూడా రెండడుగుల దూరంలోనే రాళ్ళతో మూసేసి ఉంది, కెమెరా పెట్టి చూసింది. "ఆ అరుగు మీద కూర్చుంటే ఏమీ వినబడకూడదు లాజరస్" అంది. తర్వాత, నెమ్మదిగా: "మా అమ్మ మోకాలి సంగతి నీకెలా తెలుసు? నేనసలు ఎవరికీ చెప్పలేదు."

అక్టోబర్ 29, మంగళవారం

గార్డ్స్ స్టేషన్‌కి వెళ్ళాను. ఒక్కణ్ణే. అరగంట బయట నడిచి అప్పుడు లోపలికెళ్ళాను.

మార్తా ఇంకా ఏమీ చెప్పడం లేదట, భయంతో. స్తెఫను కాలుజారిందనే చెబుతున్నాడు. నేను చెప్పాను. ఇరవయ్యో తారీఖు సాయంత్రం ఈ విషయం అతనికి చేరవేసింది నేను. విన్నాక అతను అన్న మాట ఇది. కాళ్ళు ఇరగ్గొడతానన్న మాట. తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పాను. నేను నవ్వానని కూడా చెప్పాను.

ఆ గార్డు అమ్మాయి పెన్ను ఆపింది. "ఆవిడ వెళ్ళిపోతోందని మీకెలా తెలిసింది?"

"విన్నాననుకున్నాను."

"ఎవరి దగ్గర?"

"నాకు తెలియదమ్మా."

ఆ మాట అలాగే రాసుకుంది. చదివి వినిపించింది. కింద నా పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాను. బ్రాడీ కాగితాల కింద సంతకాలు ఉండేవి కావట.

నవంబర్ 3, ఆదివారం

నా వాంగ్మూలం గురించి ఫెబి మార్తాకి చెప్పిందట. ఆ తర్వాత మార్తా కూడా నోరు తెరిచింది. స్తెఫను ఆ ఇంటికీ, ఆమె దగ్గరికీ, పాప దగ్గరికీ రాకూడదని కోర్టు చెప్పింది. మార్తా స్లైగో ఉద్యోగం వదులుకుంది, అది అతనికి తెలుసు గనక. వేరే ఎక్కడికో వెళ్ళింది. నిన్న తెల్లారగానే ఫెబి కారు తీసుకెళ్ళి, వాళ్ళని దించి, చీకటి పడకముందే వచ్చింది. ఎంత దూరం వెళ్ళిందో కారు మీటరు చూస్తే తెలుస్తుంది. చూడలేదు.

ఆరాధనకి వెళ్ళాను. పాస్టర్ గారు చెయ్యి కలపలేదు. ఇంటి గుట్టు గార్డ్స్ దాకా తీసుకెళ్ళానని సగం మందికి కోపం. మాట్లాడలేదు వాళ్ళు. మాట్లాడినా నాకు వినబడదు కదా.

ప్రెస్ వైపు చూడలేదు. టీ తాగినంతసేపూ ఎడమ చెవి వెచ్చగా ఉంది, ఎవరో దగ్గరగా ఊపిరి వదులుతున్నట్టు.

నవంబర్ 11, సోమవారం

ముసలివాళ్ళ టీకి హాలు తెరిచి ఉంది. కుర్చీలు లెక్క చూస్తుంటే కొక్కేల పలక ఓరగా తెరిచి కనబడింది. లోపల స్తెఫను. కళ్ళు మూసుకుని, చెవి గోడకి ఆనించి.

నన్ను చూసి లేవలేదు. మనిషి చిక్కిపోయాడు. మొన్న బుధవారం నుంచీ రోజూ, నేను లేని వేళ చూసి, వస్తున్నాడట.

"నీ మీద కోపం లేదన్నా నాకు. నువ్వే కదా చూపెట్టింది" అన్నాడు. నాకు వినబడాలని ఎప్పటిలాగే ముఖం ఇటు తిప్పి, మెల్లగా. "మొదట ఏం వినబడకపోయె. ఊకె కూసున్న. నిన్న వినబడ్డది."

"ఏం వినబడింది?"

"పాప నవ్వు. ఎనుక ఎవరో ఇంటి సంగతి చెప్తున్నరు. ఆకుపచ్చ తలుపు అని. ఊరి పేరు మొదలువెట్టి ఆగిన్రు." నవ్వాడు. "రేపు చెప్తరు. నాకెర్కే."

గార్డ్స్‌కి ఫోన్ చేశాను. మర్యాదగానే విన్నారు. అందరికీ తెరిచిన హాల్లో, గోడలో కూర్చోవడం నేరం కాదట.

ఇంటికొచ్చి ఫెబిని అడిగాను. "ఆ ఇంటి తలుపు ఆకుపచ్చా?"

ఆమె చేతిలో పళ్ళెం కింద పడింది.

నవంబర్ 12, మంగళవారం

తెల్లారగానే వెళ్ళాను. హాలు పదింటికి గానీ తెరవకూడదు. తలుపు లోపల గడియ వేసుకున్నాను. వెనక పెరట్లో మరమ్మతుకి తెచ్చిన పాత ఇటుకలున్నాయి, నీళ్ళలో నానిన సున్నం ఉంది. తాపీ పట్టుకుని పాతికేళ్ళయింది.

అరుగు మీద మొదటి వరస పెట్టాను. రెండో వరసకే మొదలైంది.

మా యాసలోనే. మా అమ్మ వరండాలో కూర్చుని ఊళ్ళో సంగతులు చెబుతున్నంత తీయగా. "ఏందయ్యా ఇది, ఇంత పొద్దున్నే. కూర్చో. అలిసిపోయుంటావు. నీకు చెప్పాల్సినయి చానా ఉన్నయి."

యంత్రాలు తీసి జేబులో వేసుకున్నాను. బయట లారీ వెళ్ళింది, అద్దాలు అదిరాయి, ఆ చప్పుడు నాకు వినబడలేదు. ఆ మాట మాత్రం ఏమీ తగ్గలేదు.

ఫెబి నా గురించి ఏమనుకుంటోందో చెబుతానంది ఆ గొంతు. చెప్పడం మొదలుపెట్టింది కూడా. నా చేతులు ఆగిపోయాయి. ఎంతసేపు ఆగానో తెలియదు, సున్నం తాపీ మీదే గట్టిపడింది. అప్పుడు నాకు వచ్చిన కీర్తనలన్నీ ఎత్తుకున్నాను, శ్రుతి లేదు, తాళం లేదు, గొంతు చిరిగేలా. పాడుతూ ఇటుక మీద ఇటుక పెట్టాను. ఆరో వరస దగ్గర అది పంథా మార్చింది. ఆకుపచ్చ తలుపు, ఎదురుగా బేకరీ, ఊరు ఫలానా అని. నేను ఇంకా గట్టిగా అరిచాను. ఊరి పేరులో మొదటి అక్షరం మాత్రం చొరబడింది. ఆ అక్షరం ఇక్కడ రాయను.

చెవి ఎత్తు దాటాక గొంతు మారింది. మా యాస పోయింది. తెలుగు పోయింది. నాకు రాని పాత భాషేదో, తర్వాత ఇంగ్లీషు, తర్వాత ఒట్టి ఊపిరి. ఒక ముసలివాడు చీకట్లో ఒంటరిగా ఊపిరి పీల్చినట్టు. జాలేసింది. జాలితోనే ఆఖరి ఇటుక పెట్టాను.

తలుపు కొట్టారు. కొట్టినట్టు వినబడలేదు, తలుపు అదరడం కనబడి గడియ తీశాను. ఓర్లా. లోపలికొచ్చి గోడ చూసింది, నా చేతులు చూసింది. యంత్రాలు పెట్టుకోమని సైగ చేసింది.

"ఇది చట్టం కాపాడే కట్టడం. నీకు తెలుసు. నేను రిపోర్టు రాయాలి."

"రాయండి. పూర్తి పేరుతో రాయండి, ఎవరు చేశారో."

తల ఊపింది. తర్వాత బకెట్‌లో మిగిలిన సున్నం వేలితో తాకి, కోటు విప్పి పక్కన పెట్టి, "పై సందు వదిలేశావు" అని తాపీ తీసుకుంది.

పదింటికి స్తెఫను వచ్చాడు. తడి గోడ ముందు నిలబడ్డాడు. చెవి ఆనించాడు. చెంపకి సున్నం అంటుకుంది. మళ్ళీ మళ్ళీ, వేరే వేరే చోట్ల. చివరికి ఏదో అన్నాడు. ఈసారి ముఖం నాకేసి తిప్పలేదు. వినబడలేదు. వెళ్ళిపోయాడు.

ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో వచ్చే వారం చెబుతారట.

సాయంత్రం ఫెబి నా చేతులు చూసింది. సున్నం తిని వేళ్ళ సందులన్నీ పగిలాయి. రెండు వారాల తర్వాత మొదటిసారి దగ్గరికొచ్చి కూర్చుంది. కొబ్బరినూనె రాస్తుంటే జరిగింది మొత్తం చెప్పాను. నూనె సీసా మూత పెట్టి, నా ఎదురుగా ముఖం పెట్టి అడిగింది.

"మార్తా ఎట్లుందని అడగవేం?"

"ఎట్లుంది?"

"ఎడం చేత్తో పాపకి జడేస్తంది."

నెమ్మదిగా అంది. "యాడుందో చెప్పనా? నువ్వు ఎవురికీ చెప్పవు. నాకు తెలుసు."

"చెప్పొద్దు ఫెబీ."

ఆమె చెప్పలేదు. లేచి ఇద్దరికీ అన్నం పెట్టింది.